ఈస్ట్ బెంగాల్ మధ్యవరుసలో అన్ని కాలాలకూ ఉత్తములెవరు?

బరంపురం ఎరుపుబంగారం

సభ్యులందరికీ నమస్కారం. కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ ఈస్ట్ బెంగాల్ తరఫున గోల్స్ కొట్టినవారిని గురించి ఇక్కడ ఎన్నో చర్చలు జరిగాయి. ఆ గోలుకు ముందు బంతి ఎవరి కాళ్ల మీదుగా వచ్చిందన్న విషయం మాత్రం ప్రతిసారీ వెనక్కు పోతూనే ఉంది. అందుకని 1920 ఆగస్టు 1న క్లబ్ పుట్టిన నాటి నుంచి ఈనాటి వరకు మధ్యవరుసలో (మిడ్‌ఫీల్డ్‌లో) ఆడినవారిలో ఉత్తములెవరో తేల్చుకుందామని ఈ చర్చను ప్రారంభిస్తున్నాను.

మా నాన్నగారు టిటాగఢ్ జూట్ మిల్లులో పనిచేసిన కాలంలో ఈ క్లబ్ మా ఇంటిలోకి వచ్చింది. గంజాం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి హుగ్లీ తీరపు మిల్లులకు వలస వెళ్లిన తెలుగు కుటుంబాలలో ఇది మామూలు సంగతే. ఆయన బరంపురం తిరిగి వచ్చేశాక ఆకాశవాణి కలకత్తా ప్రసారాల్లో అజయ్ బసు, పుష్పేన్ సర్కార్ గార్ల గొంతులు మా అభిమానాన్ని ఆరిపోకుండా కాపాడాయి. ఒడియా వినిపించే వీధిలో పెరిగినవారికి బెంగాలీ వ్యాఖ్యానం పట్టుబడడం ఏమంత కష్టం కాదు.

నా కొలమానం ముందుగా చెబుతాను. మధ్యవరుస ఆటగాడిని అతను చేసిన అద్భుతాలతో కాక, అతను ఉన్నందువల్ల మిగిలిన పదిమందీ ఎంత బాగా ఆడగలిగారన్న దానితో కొలవాలని నా అభిప్రాయం. అందువల్ల విడివిడిగా ముగ్గురు గొప్పవారిని ఎంచి పక్కపక్కన నిలబెట్టడం నాకు సమ్మతం కాదు. ఆ ముగ్గురూ ఒకే మైదానంలో ఒకరి లోటును మరొకరు పూడ్చుకోగలగాలి.

ఆ లెక్కన నా మొదటి ఇద్దరూ జంటగానే వస్తారు: సమరేశ్ చౌధురి, గౌతమ్ సర్కార్. 1975 సెప్టెంబరు 30న కలకత్తాలో జరిగే ఐఎఫ్ఏ షీల్డ్ టోర్నీ ఫైనల్లో మన చిరకాల ప్రత్యర్థి మోహన్ బగాన్‌ను 5–0తో ఓడించిన రోజున మనవాళ్లు ఆడినది 4-2-4 పద్ధతి (వెనుక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు). అంటే మైదానం మధ్యభాగమంతటికీ వీరిద్దరే దిక్కు. స్కోరు పట్టికలో శ్యామ్ థాపా పేరు రెండుసార్లూ, సురజిత్ సేన్‌గుప్తా, రంజిత్ ముఖర్జీ, శుభంకర్ సాన్యాల్ పేర్లు ఒక్కొక్కసారీ కనిపిస్తాయి. నలుగురు ఫార్వర్డ్‌లు వెనుదిరిగి చూడకుండా ముందుకు ఉరకగలిగారంటే, వెనుక గౌతమ్ బంతిని లాక్కుంటాడనీ, లాక్కున్న బంతిని పింటూ (సమరేశ్ గారిని మైదానమంతా పిలిచిన పేరు అదే) తమ దారిలోకి పంపుతాడనీ వారికి నమ్మకం ఉండబట్టే. 1970 నుంచి 1975 వరకు వరుసగా ఆరుసార్లు కలకత్తా లీగ్ గెలిచిన ఆ యుగంలో, పి.కె. బెనర్జీ గారు శిక్షకులుగా వచ్చిన 1972లో ఒక్క గోలు కూడా ఇవ్వకుండా లీగ్ ముగించిన ఘనత ఉంది. ఆ ఘనతను అందరూ డిఫెన్స్‌కే కట్టబెడతారు. డిఫెన్స్ ముందు ఎవరు నిలబడ్డారో కూడా చూడాలి కదా.

మూడవ స్థానం కృశాను దేకి ఇస్తున్నాను. 1985లో వికాస్ పాంజీతో కలిసి మోహన్ బగాన్ నుంచి మన క్లబ్‌కు వచ్చిన ఆ బక్కపలుచని ఎడమకాలి ఆటగాడిని భారత మారడోనా అని పిలిచేవారు. నాకు ఆ బిరుదు కన్నా ఆయన పాస్‌లే ముఖ్యం. ఇద్దరు డిఫెండర్ల మధ్య సందు ఏర్పడబోతున్న క్షణాన్ని వారికన్నా ముందుగా పసిగట్టి, బంతిని ఆ చోటికి సరిపడేంత వేగంతోనే జరిపేవారు.

ఇరాన్ ఆటగాడు మాజిద్ బిష్కర్ ఈ ముగ్గురిలో లేరన్నది నేను గమనించకుండా జరిగినది కాదు. అభ్యంతరాలు తెలియజేయగలరు.

---

జయపురం హాఫ్‌బ్యాక్

మాజిద్ లేని పట్టికను నేను అంగీకరించలేను. జయపురంలో పాఠశాల పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే పనిలో ఉన్నవాడిని కనుక ఆటగాడి శరీరం ఎటు తిరిగి ఉన్నదన్న దాని మీదకే నా దృష్టి ముందుగా వెళుతుంది. ఆయనను చూసినవారు చెప్పేదంతా ఒకే విషయానికి వస్తుంది: బంతి అందే లోపలే ఆయన ఎదుటి గోలు వైపు తిరిగి ఉండేవారు. అలా తిరిగినవాడిని అడ్డుకోవడానికి డిఫెండర్ వెనక్కు జరగక తప్పదు. డిఫెన్స్ వరుస వెనక్కు జరిగిందంటే మిగిలినవారికి చోటు దొరికినట్లే. మీ కొలమానం ప్రకారమే చూసినా మాజిద్ మొదటివారు కావాలి.

ఆయన 1978 ప్రపంచకప్‌కు వెళ్లిన ఇరాన్ జట్టు సభ్యులు. అలీగఢ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ జంషీద్ నసీరీ, మహమూద్ ఖబాజీలతో పాటు 1980లో కలకత్తా వచ్చారు. మన జట్టు నుంచి పేరున్న ఆటగాళ్లు చాలామంది వెళ్లిపోయిన సంవత్సరం అది. అటువంటి సమయంలో వచ్చి ఫెడరేషన్ కప్ ఫైనల్ దాకా జట్టును నడిపించడం, మోహన్ బగాన్‌తో కలిసి ఆ కప్‌ను పంచుకోవడం చిన్న విషయం కాదు.

---

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

పెద్దలిద్దరూ 1970కి వెనక్కు వెళ్లకపోవడం నాకు బాధగా ఉంది. క్లబ్ చరిత్రలో 1949 నుంచి 1953 వరకు నడిచిన పంచపాండవుల యుగాన్ని వదిలి ఉత్తముల పట్టిక వేయడం న్యాయమనిపించుకోదు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే అనే ఈ అయిదుగురూ ఫార్వర్డ్‌లే కదా అని మీరు అనవచ్చు. కాని ఆనాటి పద్ధతిలో ముందు వరుసలో అయిదుగురు నిలిచినప్పుడు, వారిలో లోపలి ఇద్దరు, అంటే ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌లు, వెనక్కు వచ్చి హాఫ్‌బ్యాక్‌ల నుంచి బంతి అందుకుని ముందుకు చేర్చేవారు. ఈనాటి భాషలో వారిని అటాకింగ్ మిడ్‌ఫీల్డర్లనే పిలుస్తాం.

బెంగళూరు నుంచి వచ్చిన అహ్మద్ ఖాన్ 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఉత్తకాళ్లతో ఆడిన భారత జట్టులో ఉన్నారు. 1949, 1950, 1951 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు షీల్డ్ గెలిచినప్పుడు దాడి అంతా ఆయన దగ్గర మొదలయ్యేది. పాములవాడు అన్న పేరు ఆయన డ్రిబ్లింగ్‌కు వచ్చినదే. ఇక అప్పారావు గారి పేరు వినగానే మన ఇళ్లలో పెద్దవారు ఎందుకు నిటారుగా కూర్చునేవారో ప్రత్యేకించి చెప్పనక్కరలేదు. కలకత్తా మైదానంలో వేలమంది బెంగాలీలు మనవాళ్లు పెట్టుకునే పేరును ఎలుగెత్తి పిలవడం ఆనాటి వలస కుటుంబాలకు ఎంత ధైర్యమిచ్చిందో నేను మా పెద్దలనోట విన్నాను.

అసలైన హాఫ్‌బ్యాక్‌లలో కూడా ఒకరిని మరవకూడదు. డెహ్రాడూన్ నుంచి వచ్చి ఏళ్ల తరబడి మన క్లబ్‌కే ఆడిన రామ్ బహదూర్ 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యులు.

---

బరంపురం ఎరుపుబంగారం

మహేంద్రతనయ గారూ, మీ ఆవేదనతో నేను ఏకీభవిస్తున్నాను. అహ్మద్ ఖాన్ గారిని క్లబ్ చరిత్రలోనే అత్యుత్తమ ఆటగాడని ఎవరైనా అంటే నేను మారుమాట్లాడను. కాని ఆయన ఉన్న అయిదుగురి వరుసలోంచి ఆయన ఒక్కరినే పైకి తీసి మూడు దశాబ్దాల తరువాతి పద్ధతిలో నాటడం ఆ వరుసకే అన్యాయమని నాకు తోస్తుంది. ఆ అయిదుగురినీ ఫార్వర్డ్‌ల పట్టికలో చెక్కుచెదరకుండా ఉంచుదాం. రామ్ బహదూర్ గారి విషయం మాత్రం మధ్యవరుసకు చెందినదే. ఆయన పేరును పట్టికలో చేరుస్తున్నాను.

ఇక మాజిద్ విషయం. జయపురం మిత్రులు చెప్పిన శరీరపు తిరుగుడు మాట అక్షరాలా నిజం. అంతటి ప్రతిభ మన క్లబ్ మధ్యవరుసలో మరెవరికీ లేదని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆయన మన రంగులలో ఆడినది 1980, 1981 సంవత్సరాలలోనే. 1982లో మహమ్మదన్ స్పోర్టింగ్‌కు వెళ్లారు. పైగా 1980 లీగ్‌ను ఏ ఆటగాడి ఘనతకూ కొలమానంగా వాడలేము. ఆ ఏడాది ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో డెర్బీ (మోహన్ బగాన్‌తో మన మ్యాచ్) జరుగుతుండగా 16 మంది అభిమానులు ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజు మైదానానికి వెళ్లి ఇంటికి తిరిగి రానివారి ముందు లీగ్ పట్టికలకు విలువ ఏముంటుంది?

నేను వెతుకుతున్నది మిగిలినవారు ఆధారపడగలిగిన మనిషిని. ఆధారపడడమనేది అలవాటుతో వస్తుంది. ఆ అలవాటుకు కాలం పడుతుంది. మాజిద్‌కు ఆ కాలం మన క్లబ్‌లో దొరకలేదు.

---

ఛత్రపురం రేడియో

మహమ్మద్ హబీబ్ పేరు ఇంతవరకు రాకపోవడం ఆశ్చర్యంగా ఉంది. హైదరాబాద్ నుంచి వెళ్లి కలకత్తాలో బొడో మియా అనిపించుకున్న మనిషి ఆయన. 1966లో మొదటిసారి మన క్లబ్‌కు వచ్చి, మధ్యమధ్య వేరే క్లబ్‌లకు వెళ్లి, మళ్లీ 1970ల మొదట్లోనూ, 1980లోనూ తిరిగివచ్చి ఆడారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం గెలిచిన జట్టులో ఉన్నారు. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఆయన కన్నుమూసినప్పుడు కలకత్తా అభిమానులు సొంత ఇంటి పెద్దను పోగొట్టుకున్నట్లు దుఃఖించారు.

బరంపురం మిత్రులు చెప్పిన ఆధారపడగలిగిన మనిషి అన్న మాటకు ఆయనను మించిన ఉదాహరణ నాకు తెలియదు. జట్టు వెనుకబడినప్పుడు ఎవరు ముందుగా బంతి కోసం చేయి ఎత్తుతారో వారే నాయకులు. హబీబ్ చేయి ఎప్పుడూ పైకే ఉండేదని ఆయనతో ఆడినవారు చెబుతారు.

---

జయపురం హాఫ్‌బ్యాక్

హబీబ్ గారి గొప్పతనాన్ని గురించి రెండవ మాట లేదు. కాని ఆయన స్థానం ఏది? తమ్ముడు అక్బర్‌తో జతగా ముందు వరుసలో ఆడిన రోజులు ఎక్కువ. వెనక్కు వచ్చి బంతి అందుకునేవారు కాబట్టి మధ్యవరుస ఆటగాడంటే, అహ్మద్ ఖాన్ గారికి వర్తింపజేసిన నియమం ఈయనకూ వర్తించాలి.

---

నాగావళి (రాయగడ)

నేను మీ అందరికన్నా వయసులో చిన్నవాడిని. ఒడిశా ఎఫ్‌సీ నా సొంత జట్టు. ఈస్ట్ బెంగాల్ మా తాతయ్య జట్టు. అయినా ఈ చర్చలో మెహతాబ్ హుస్సేన్ పేరు ఎవరూ ఎత్తకపోవడం వల్ల రాయక తప్పలేదు.

మీలో చాలామంది రేడియోలో విన్నవారిని గురించి మాట్లాడుతున్నారు. మెహతాబ్‌ను మన రాష్ట్రంలోనే కళ్లారా చూసే అవకాశం దక్కింది. 2010 ఫెడరేషన్ కప్ ఫైనల్ కటక్ బారాబతి స్టేడియంలో జరిగింది. ఈస్ట్ బెంగాల్ 1–0తో మోహన్ బగాన్‌ను ఓడించింది. మా తాతయ్య నన్ను వెంటపెట్టుకుని తీసుకువెళ్లిన మొదటి పెద్ద మ్యాచ్ అది. చిన్నపిల్లవాడిని కావడం వల్ల నాకు ఆట అంతా అర్థం కాలేదు గాని, బంతి వెంట కాకుండా ఒకే మనిషి వెంట చూడమని తాతయ్య చెప్పారు. ఆ మనిషి మెహతాబ్. బంతి ఎక్కడ తెగిపోబోతుందో అక్కడ ముందుగానే ఉండేవారు. ఒక దాడిని ఆపిన వెంటనే మరో వైపు దాడి వచ్చే దారిలోకి నడుచుకుంటూ వెళ్లి నిలబడేవారు. పరుగెత్తవలసిన అవసరం రాకుండా చూసుకోవడమే ఆయన నేర్పు.

2007లో వచ్చి 2017 వరకు ఈస్ట్ బెంగాల్‌కు ఆడడం, ఫెడరేషన్ కప్‌లు, వరుసగా వచ్చిన కలకత్తా లీగ్ విజయాలు, 2013లో ఆసియా క్లబ్‌ల పోటీ అయిన ఏఎఫ్‌సీ కప్‌లో సెమీఫైనల్ వరకు సాగిన ప్రయాణం ఈయన ఖాతాలో ఉన్నాయి. పక్కన పెన్ ఓర్జీ స్వేచ్ఛగా ముందుకు వెళ్లి ఆడగలిగాడంటే వెనుక ఈయన కాపలా ఉండబట్టే. బరంపురం పెద్దాయన చెప్పిన కొలమానానికి ఇంతకన్నా ఏం కావాలి?

---

కొరాపుట్ కాపు

విదేశాల్లో గెలిచిన కప్‌ను గురించి ఎవరూ మాట్లాడరేమిటి? 2003 జులై 26న జకార్తాలో ఆసియాన్ క్లబ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో థాయ్‌లాండ్ జట్టు బీఈసీ టెరో సాసనాను మనవాళ్లు 3–1తో ఓడించారు. గ్రూప్ దశలో అదే జట్టు చేతిలో ఓడిపోయాం. అదే ఏడాది ఆసియా ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడిన జట్టు అది. దాని మెదడు తెర్డ్‌సాక్ చైమాన్. ఫైనల్లో మన శిక్షకులు సుభాష్ భౌమిక్ గారు షష్ఠీ దూలేను ఆయన వెంట నీడలాగా తిప్పారు. చైమాన్ ఆట కట్టుబడిపోవడంతో బ్రెజిల్ నుంచి వచ్చిన డగ్లస్ మధ్యలో నిబ్బరంగా నిలిచి జట్టును నడిపారు. మైక్ ఒకోరో, భైచుంగ్ భూటియా తరువాత మూడవ గోలు అల్విటో డి కున్యాది. గోవాలోని సాల్గావ్‌కర్ నుంచి 2002లో వచ్చిన అల్విటో ఎడమకాలు మరి ఆ తరువాత క్లబ్‌ను విడిచిపోనే లేదు.

షష్ఠీ దూలేను అన్ని కాలాల ఉత్తముల్లో చేర్చమని నేను అడగను. కాని ఒక్క రాత్రికి ఆయన చేసిన పని క్లబ్ మధ్యవరుస చరిత్రలో ఎవరు చేసిన పనికీ తీసిపోదని నా గట్టి నమ్మకం.

---

జయపురం హాఫ్‌బ్యాక్

నాగావళి రాసినది చదివాక గౌతమ్ సర్కార్, మెహతాబ్‌ల మధ్య పోలిక తప్పదనిపిస్తోంది. ఇద్దరి పనీ ఒకటే గాని వారు నిలబడిన భూమి వేరు. గౌతమ్ ఆడిన 4-2-4లో మధ్యలో ఇద్దరే ఉండేవారు కనుక ప్రత్యర్థి దాడిలో మూడవ మనిషి చేరినప్పుడల్లా ఆయన మైదానం ఒక అంచు నుంచి మరో అంచుకు పరుగెత్తవలసి వచ్చేది. మెహతాబ్ కాలానికి మధ్యలో ముగ్గురు నలుగురు ఉండేవారు కాబట్టి తన చోటును కాచుకుంటే సరిపోయేది. నాగావళి మెచ్చుకున్న నిలకడ ఆ ఏర్పాటు వల్ల కొంత సాధ్యమైంది.

గౌతమ్ కాలి బలం ఏపాటిదో 1977 సెప్టెంబరు 24న లోకమంతా చూసింది. అప్పటికి ఆయన మోహన్ బగాన్‌కు వెళ్లిపోయారు కనుక ఆ మ్యాచ్ ఘనత మన క్లబ్ ఖాతాలో వేయలేము. కాని ఈడెన్ గార్డెన్స్‌లో న్యూయార్క్ కాస్మోస్‌తో 2–2గా ముగిసిన ఆ ఆటలో పెలేను కట్టడి చేసే బాధ్యత ఆయన భుజాల మీదే పడింది. ఆ పనితనం నేర్చుకున్నది మాత్రం ఎరుపు, బంగారు రంగుల జెర్సీలోనే.

---

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

సుదీప్ ఛటర్జీని ఎలా మరిచారు? బంతిని లాక్కోవడం, లాక్కున్న బంతితో తానే ముందుకు దూసుకుపోవడం, గోలు మీదకు దెబ్బ తీయడం అనే మూడు పనులూ ఒక్క మనిషే చేసిన సందర్భం ఆయనది. సమరేశ్‌కు గౌతమ్ కావాలి. కృశానుకు వెనుక ఎవరో ఒకరు కావాలి. సుదీప్‌కు ఎవరూ అక్కరలేదు. 2006లో చిన్న వయసులోనే కన్నుమూశారు.

---

బరంపురం ఎరుపుబంగారం

అందరికీ కృతజ్ఞతలు. అభిప్రాయాలన్నీ చదివి, తీరికగా ఆలోచించి రాస్తున్నాను.

ముందుగా సుదీప్ విషయం. ఎవరి సహాయమూ అక్కరలేని ఆటగాడు అని మహేంద్రతనయ గారు మెచ్చుకోలుగా అన్న మాటే ఆయనను నా మొదటి ముగ్గురిలోకి రాకుండా ఆపుతోంది. నేను వెతుకుతున్నది ఒకరినొకరు నింపుకునే ముగ్గురిని. అయితే ఆ ముగ్గురిలో ఎవరికైనా గాయమైతే, వెళ్లిన మనిషి ఎవరైనా సరే ఆ స్థానంలో ఆడగలిగినవారు సుదీప్ ఒక్కరే. అందువల్ల నాలుగవ పేరు ఆయనదే.

మెహతాబ్ గురించి నాగావళి రాసినది చదివి నేను రెండు రోజులు ఆగవలసి వచ్చింది. గౌతమ్, మెహతాబ్ ఇద్దరినీ ఉంచి సమరేశ్‌ను తప్పిస్తే ఏమవుతుందని ఆలోచించాను. అప్పుడు బంతిని లాక్కునేవారు ఇద్దరవుతారు, లాక్కున్న బంతిని ముందుకు పంపే భారమంతా కృశాను ఒక్కరి మీద పడుతుంది. కృశాను బలమైన ట్యాక్లింగ్‌లకు తట్టుకునే శరీరం ఉన్నవారు కారు. ప్రత్యర్థి ఇద్దరిని ఆయన మీదకు పంపితే మన ఆట ఆగిపోతుంది. సమరేశ్ ఉంటే ఆ ఇద్దరిలో ఒకరు వెనక్కు రాక తప్పదు. కాబట్టి సమరేశ్, గౌతమ్, కృశానుల ఏర్పాటును మార్చలేకపోతున్నాను. మెహతాబ్‌కు అయిదవ స్థానం ఇస్తున్నాను. 2000 తరువాత ఆడినవారిలో ఆయనదే మొదటి స్థానమని కూడా రాసి పెట్టుకుంటున్నాను. రామ్ బహదూర్ ఆరవవారు, డగ్లస్ ఏడవవారు.

మాజిద్‌కు సంఖ్య ఇవ్వను. 2019లో క్లబ్ నూరవ ఏటి ఉత్సవాలకు ఆయన ఇరాన్ నుంచి వచ్చినప్పుడు, ఆయన ఆటను ఎన్నడూ చూడని కుర్రవాళ్లు విమానాశ్రయం దగ్గర గుమిగూడారు. రెండేళ్ల ఆటతో మూడు తరాలను కట్టిపడేసిన మనిషిని వరుస సంఖ్యల మధ్య ఇరికించడం నా వల్ల కాదు.

---

జయపురం హాఫ్‌బ్యాక్

సంఖ్య ఇవ్వకపోవడం గౌరవం కావచ్చును గాని జట్టు ఎంపిక కాదు. మోహన్ బగాన్‌తో ఫైనల్, ఇరవై నిమిషాలు మిగిలి ఉన్నాయి, ఒక గోలుతో వెనుకబడి ఉన్నాం. బెంచీ మీద మాజిద్, సుదీప్, మెహతాబ్ కూర్చుని ఉన్నారు. ఎవరిని లేపుతారు?

---

బరంపురం ఎరుపుబంగారం

మాజిద్‌ను లేపుతాను. గౌతమ్‌ను వెనక్కు పిలిపిస్తాను.

---

నాగావళి (రాయగడ)

గౌతమ్‌ను తీసేస్తే ఆఖరి పది నిమిషాల్లో మధ్యలో కాపలా ఉండదు. నేనైతే కృశానును తప్పించి మాజిద్‌ను పంపుతాను. 2024 జనవరి 28న భువనేశ్వర్ కళింగ స్టేడియంలో సూపర్ కప్ ఫైనల్ జరిగినప్పుడు మా ఒడిశా ఎఫ్‌సీ వైపు కూర్చున్నాను. అదనపు సమయంలో 3–2తో ఈస్ట్ బెంగాల్ గెలిచింది. పన్నెండేళ్లుగా పెద్ద కప్ లేని మీ క్లబ్‌కు ఆ కప్ దక్కింది. పెనాల్టీని గోలుగా మలచిన సౌల్ క్రెస్పో కన్నా, ఆ పొడవైన రాత్రిలో మధ్యలో నిలబడి బంతిని కాచుకున్నవారే మమ్మల్ని ఓడించారని నాకు కనిపించింది. అలసిన కాళ్ల మధ్య కాపలా మనిషి విలువ ఎంతో ఓడిన వైపు కూర్చుంటేనే బాగా తెలుస్తుంది.

---

బరంపురం ఎరుపుబంగారం

ఒక గోలుతో వెనుకబడి ఉన్నప్పుడు, నాగావళీ, కాపలాదారుడు కాచవలసినది ఏమీ మిగలదు. మాజిద్, కృశాను ఒకేసారి మైదానంలో ఉన్న ఆ ఇరవై నిమిషాల కోసం మరో గోలు పడే ప్రమాదాన్ని నేను సంతోషంగా భరిస్తాను. స్కోరు సమమైతే అప్పుడు మెహతాబ్‌ను పంపుదాం.